నెలాఖరు నాలుగు నాగాలు

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు రెండూ కలిపి గాలించినా, కంప్యూటర్‌తో మొట్టమొదట మాట్లాడిన మనిషిని నేనే. ఇప్పుడు మెడలో కార్డు పటకా, వీపున సంచి వేసుకొని ప్రోగ్రామర్లమని తిరిగే పోరగాళ్లంతా నా ముందు నిన్న మొన్న కండ్లు తెరిచినోళ్లు. వాళ్ల తాతలు లాంతరు వత్తి సవరించుకుంటున్న రోజుల్లో నేను మెషిన్‌కు హుకుం ఇచ్చిన. అది చేతులు కట్టుకొని విన్నది. అంతే కాదు, నా బతుకులో ఏ అలవాటుకూ నేను గులాంగిరీ చెయ్యలే. బీడీ లేదు, కల్లు లేదు, చాయ్ లేదు. తంబాకు ఒక్కటి ఉండె. దాన్ని సుత ఒక్కనాడు ఒక్క మాటతో వదిలేసిన. ఆ మెషిన్‌తో, ఆ నిగ్రహంతో బొగ్గుబాయిలో ఒక మనిషి నౌకరీ పోకుండ ఒక్క పూటలో నిలబెట్టిన.

ఇది చదివి మీకు కొంచెమన్నా అనుమానం రావాలె. రాకపోతే మీకు చదువుడు రానట్టే. ఎక్కడ ఎంత సాగదీసిన్నో నడిమధ్యలో నేనే చెప్త, తొందరపడకుండ్రి.

మా మనుమనికి చేతి గడియారం ఒకటి ఉన్నది. అది టైము చెప్పుడు ఎన్నడో మానేసినట్టున్నది. "నీళ్లు తాగు" అంటది, తాగుతడు. "లేచి నిలబడు" అంటది, నిలబడతడు. మొన్న సోఫాలో కూసున్నోడు అది కుయ్యిమనంగనే కండ్లు మూసుకొని దీర్ఘంగా గాలి పీల్చుడు మొదలుపెట్టిండు.

"ఏందిరా, పానం బాగలేదా?" అన్న.

"లే తాతా, గాలి పీల్చుకొమ్మని గుర్తుచేసింది" అన్నడు.

పుట్టంగనే మంత్రసాని వీపు మీద ఒక్కటి చరిస్తే వచ్చిన విద్య అది. పాతికేండ్లు నిండినంక గడియారం నేర్పుతున్నది. రోజుకు ఎన్ని అడుగులు వేసిండో ఫోన్‌లో చూసుకొని మురిసిపోతడు. అడుగులు తక్కువపడ్డ నాడు మంచం మీద కూసొనే ఫోన్‌ను చేతిలో పట్టుకొని ఊపుతడు. పాపం అది, మనిషి నడుస్తున్నడనుకొని లెక్క వేస్తనే ఉంటది. నేను కండ్లారా చూసిన. నాలుక కొస దాకా తిట్టు వచ్చింది, గని అనలే. ఎందుకు అనలేదో చెప్పుటానికే ఇదంతా రాస్తున్న.

ముందుగాల ఆ కంప్యూటర్ సంగతి. అది కంప్యూటర్ కాదు. గోదావరి అవతల ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గుబాయి దఫ్తర్. దాని పేరు అడగకుండ్రి. అక్కడ అట్ట కార్డుల మీద తూట్లు చదివే మెషిన్ ఒకటి ఉండె. కార్డు దాని నోట్లోకి పోతది. పైనుంచి సన్నటి ఇత్తడి తీగెల కుచ్చులు కార్డును రాసుకుంటయి. తూటు ఉన్నకాడ తీగె కిందికి దిగి అడుగున ఉన్న ఇనుప గొట్టానికి తగులుతది, కరెంటు పారుతది, లెక్కలో ఒకటి పడుతది. తూటు లేనికాడ అట్ట అడ్డం వస్తది, ఏం పడదు. తగిలిందా, తగల్లేదా, దాని తెలివి మొత్తం ఇంతే. మా ఊర్లె ఇంతకన్న తెలివైన బర్రెలుండె.

ఇక నేను ఇచ్చిన హుకుం. మెషిన్ పక్కకు ఒక పలక, దాని నిండ బొక్కలు. ఈ బొక్కలోంచి ఆ బొక్కలోకి తీగె గుచ్చాలె. ఎటు గుచ్చితే అటు లెక్క నడుస్తది. ప్రోగ్రాం అంటే అదే. తీగెలు గుచ్చే మనిషి అని చెప్పుకుంటే మనుమడు నవ్వుతడని ప్రోగ్రామర్ అని చెప్పుకున్న.

ఆ కొలువు నాకు తెలివికి రాలే, వేళ్లకు వచ్చింది. మా బాపు హుస్నాబాద్ దిక్కు మగ్గం మీద బతికిన మనిషి. పాత పడుగు అయిపోవచ్చినంక కొత్త పడుగు పోగులను పాత కొసలకు ఒక్కొక్కటి మెలివేసి అతుకుతరు. అవి వందలు, వేలు. ఒక్క పోగు తప్పుడు పోగుకు అతికితే చీర పొడుగునా గీత పడుతది. ఆ గీత చూసి మగ్గాన్ని ఎవ్వడూ తిట్టడు. అతికినోణ్ణి తిడతరు. మా అవ్వ పక్కన కూసొని చిన్నప్పటి నుంచి ఆ పని చేసిన, ఆ తిట్లు సుత తిన్న. చదువంటరా, అలీఫ్ బే తోటి మొదలైంది. నైజాం పోయినంక పంతులు అదే బెత్తం పట్టుకొని అ ఆ చెప్పిండు. ఆంధ్రప్రదేశ్ అయినంక ఇంగ్లీషు టైపు నేర్చుకుంటే నౌకరీ అన్నరు. మూడు లిపుల్లోనూ నా రాత వంకరే. అందుకని రాయకుండ గుచ్చే కొలువు నాకు బాగ కుదిరింది. బాయి దఫ్తర్‌కు వచ్చి ఆ పలక చూసిన నాడు, ఇది పడుగే కద, జర లావు పోగులు అంతే అనుకున్న.

ఆ దఫ్తర్ల మనుషులను చూసినకొద్దీ నాకు మెషిన్ మీద గౌరవం పెరిగేది. హాజరు బాబు ఉండె. బాయిలోకి ఎవరు దిగిండ్రు, ఎవరు దిగలేదని పెద్ద పుస్తకంలో రాసేది ఆయన పని. కాగితం తిప్పాలంటే చూపుడు వేలు నాలుక మీద పెట్టాలె. ఒక్క కాగితానికి ఒక్కసారి. పుస్తకం అంచు పొడుగునా ఆయన ఉమ్మి ఎండి కాగితాలు బిరుసెక్కినయి. ఆ పుస్తకం ముట్టుకున్ననాడు నేను చేతులు కడుక్కొని అన్నం తింటుంటి. పెద్దసారు ఉండె. సముద్రం దిక్కు నుంచి బదిలీ మీద వచ్చిండు. గంటకో చాయ్. ప్రతి చాయ్‌కీ "ఇదే ఆఖరు కప్పోయ్" అంటడు, ఆ గంట నిండకముందే గంట కొడతడు. ఇక కార్మికులు. బాయి లోపల అగ్గిపుల్ల గీస్తే అందరి పానాలు పోతయి కాబట్టి దిగేముందు జేబులు తడిమి చూస్తరు. ఆ కసి తీర్చుకుంటానికి పైకి రాంగనే రెండు బీడీలు ఒక్కసారే ముట్టించేటోళ్లు ఉండిరి. కొందరు లోపల తంబాకు నములుతుండిరి. వీళ్లను మనుషులు అనాల్నా, అలవాట్లకే కాళ్లు చేతులు మొలిచినయి అనాల్నా అని నేను రోజూ మెషిన్ పక్కన నిలబడి ఆలోచించేటోణ్ణి.

నేను సుత అప్పుడు తంబాకు నములుతుంటి. చుట్టూ అట్ట కార్డులు ఉన్న గదిలో నిప్పు ముట్టియ్యరాదు కద. ఒకనాడు పెద్దసారు నా దవడ చూసి, "ఏమోయ్, ఇంత ఖరీదైన యంత్రం పక్కన నిలబడి పశువులా నెమరేస్తావేమిటి?" అన్నడు. అందరి ముందు అన్నడు. హాజరు బాబు నవ్విండు, వేలు నాలుక మీదనే పెట్టుకొని.

ఆ మరునాడే నేను శపథం పట్టిన. శపథాలు అందరూ పడతరు, నాది మెషిన్ శపథం. బాయిలో దిగే ప్రతి మనిషికీ నెలకు ఒక కార్డు ఉంటది. దాని మీద కుడిదిక్కుకు ఒకటో తారీఖు నుంచి నెలాఖరు దాకా వరుసగా గళ్లు. మనిషి వచ్చిన దినానికి తూటు, రాని దినానికి తూటు లేదు. తూటు లేకపోతే దాన్ని నాగా అంటరు. నేను ఒక ఖాళీ కార్డు తీసుకొని, తంబాకు ముట్టని ప్రతి దినానికీ ఒక తూటు పొడుచుడు మొదలుపెట్టిన. నెల కాంగనే అందరి కార్డులతోపాటు నాది సుత మెషిన్‌ల వేసిన. మెషిన్ అచ్చేసిన కాగితం మీద నా పేరు ఎదురుంగ ఒక్క నాగా లేదు. ఆ కాగితం గోడకు అతికిచ్చిన. రెండో నెల, మూడో నెల సుత అంతే. పెద్దసారు నా వీపు తట్టి, "శభాష్, వ్యసనాన్ని యంత్రంతో జయించావోయ్!" అన్నడు. చాయ్ తాగుకుంటనే అన్నడు. నేను ఇంట్లె చెప్పుకున్న, వాడకట్టుల చెప్పుకున్న. బీడీ మానాలనుకునేటోళ్లకు నిగ్రహం గురించి ఉపన్యాసాలు ఇచ్చిన. ఎవ్వడూ మానలే, అది వేరే ముచ్చట.

ఇగో, ఇక్కడ సాగదీసిన. ఆ తూటు నేను సాయంత్రం పొడవలే, పొద్దుగాల పొడిచిన. దఫ్తర్ల అడుగుపెట్టంగనే, నోరు ఇంకా సాఫుగ ఉన్నప్పుడే, ఆనాటి తూటు పొడిచేటోణ్ణి. ఆ నిమిషానికి అది అబద్ధం కాదు. తర్వాత మెషిన్ వెనుకకు పోయేది. కరెంటు డబ్బా తలుపు వెనుక నా తంబాకు సంచి, సున్నపు డబ్బి ఉండేవి. ఎడమ అరచేతిలో ఆకు, కుడి బొటనవేలితో సున్నం, నాలుగుసార్లు నలిచి కింది దవడలో పెట్టుకొని, పెద్దమనిషిలెక్క వచ్చి పని మొదలుపెట్టేది. మెషిన్ నన్ను నమ్మింది. ఫోన్ ఊపుతున్న మనుమణ్ణి నేను ఎందుకు తిట్టలేదో ఇప్పుడన్న అర్థమైందా? ఆ విద్యలో వాడు నా ముందు పసిపోరడు.

బొటనవేలికి మిగిలిన సున్నం సంగతి ఒకటి ఉన్నది. తంబాకు నలిచినోడు ఎవ్వడైనా ఆ మిగిలిన సున్నాన్ని దగ్గర ఏది ఉంటే దానికి రాస్తడు. మా దిక్కు ఏ ఇంట్లె చూసినా, ఏ కచేరిలో చూసినా, మనిషి నడుము ఎత్తున గోడకు, తలుపుకు, స్తంభానికి తెల్లటి గీతలు ఉంటయి. ఎవ్వడూ ఆలోచించి రాయడు, చెయ్యి అట్ల పోతది అంతే. నేను గోడకు రాస్తే పెద్దసారుకు దొరికిపోత. పంట్లాముకు రాస్తే ఇంట్లె దొరికిపోత. అందుకని ఎక్కడా రాయవద్దని గట్టిగ అనుకున్న. బొటనవేలు దానంతటదే ఆరుతున్నదనుకున్న. నా నిగ్రహం ఏమన్న ఉన్నదంటే అదొక్కటే ఉన్నదనుకున్న.

సరిగ్గా అదే దినాల్లో మెషిన్ ఒక మనిషిని పట్టిచ్చింది. బాయిలో దిగేటోళ్లకు ఇత్తడి బిళ్ళ ఇస్తరు, దాని మీద నంబరు ఉంటది. మా బాయి బిళ్ళల్లో అన్నిటికన్న ముందు నంబరు ఒకాయనది. బాయి తవ్విన కొత్తల్లో మొదట దిగిన మనిషి, అందుకే ఆ నంబరు. టబ్బుల్లోకి బొగ్గు ఎత్తే పని. గోదావరి ఇవతల ధర్మపురి దిక్కు ఊరు, భూమి జాగ ఏమీ లేదు. కార్మికుల లైన్లల్లో ఒక అర్ర ఇచ్చిండ్రు, అండ్ల పెండ్లాము, ఇద్దరు పిల్లలు. ఆయనకు నెలాఖరున నాలుగు నాగాలు పడ్డయి. ఆఖరు నాలుగు దినాలు, వరుసగా. మరుసటి నెల సుత అవే నాలుగు.

నాకు పండుగైనట్టే అయింది. మెషిన్ లెక్క ఒక్కటే కాదు, మనిషి అలవాటును సుత పట్టిస్తదని ఇంగ్లీషులో రెండు కాగితాలు రాసి పెద్దసారు ముందట పెట్టిన. నెల మొదట్లో మనిషికి పట్టుదల ఉంటదని, దినాలు గడిచినకొద్దీ అది జారుతదని, ఈయన లాంటి బలహీనుడు ఆఖరు నాలుగు దినాలకు ఓపిక చచ్చి, గోదావరి దాటి, కల్లు మండువలో పడుకుంటడని రాసిన. మండువ నేను చూడలే. ఆయన పడుకున్నది చూడలే. అయినా ఎంత వివరంగ రాసిన్నంటే, కల్లు వాసన నాకే వచ్చింది.

పెద్దసారు చదివి, "ఇదోయ్ సైన్సంటే" అన్నడు. "వరుసగా మూడో నెల కూడా ఇలాగే అయితే పేరు కొట్టేద్దాం" అన్నడు. పేరు కొట్టేస్తే నౌకరీ పోతది, నౌకరీతోపాటు ఆ అర్ర పోతది.

ఆ మాట బయటికి పొక్కినంక ఆయన నా కిటికీ కాడికి వచ్చిండు. బొగ్గు కడుక్కోలే.

"సార్, నేను వచ్చిన."

"ఎక్కడికి?"

"బాయికి. గా నాలుగు దినాలు సుత వచ్చిన."

"మెషిన్ రాలేదంటున్నది."

"మెషిన్ బాయిల దిగిందా సార్, రాలేదనుటానికి?"

"ఎక్కువ మాట్లాడకు. కల్లు తాగుతవా?"

"తాగుత."

"చూసినవా!"

"డూటీ దిగినంక తాగుత సార్. తాగినంక పండుకుంట. పొద్దుగాల లేచి మళ్ల వస్త. కల్లు తాగెటోడు బాయికి రాడని ఎవలన్నరు? గట్లయితే బాయి ఎప్పుడో మూతబడు. ఒక్కపారి హాజరు పుస్తకం జూడుండ్రి సార్, మీ కాల్మొక్త."

"ఆ పుస్తకం మనిషి రాసింది. మనిషి మర్చిపోతడు, మొహమాటానికి పోతడు, పైంగ ఉమ్మి పెడతడు. ఇది మెషిన్. దీనికి నువ్వు చుట్టం కాదు, నేను చుట్టం కాదు." అని, గోడకు అతికిచ్చిన నా కాగితం చూపిచ్చిన. "ఇటు చూడు. ఇది నాది. ఒక్క నాగా లేదు. నిగ్రహమంటే గిది."

ఆయనకు చదువు రాదు. కాగితం దిక్కు చూడలే, నా దవడ దిక్కు చూసిండు. మెల్లగ అన్నడు: "సార్, జర పక్కకు పోయి రాండ్రి. మాట సాఫుగ వస్తలేదు."

తంబాకు నమిలేటోణ్ణి ఇంకో తంబాకు నమిలేటోడు చూడంగనే గుర్తుపడతడు. ఆయన గుర్తుపట్టిండు. దఫ్తర్ అంతా తిరిగి చెప్పచ్చు, చెప్పలే. నాకు అప్పుడు ఆయన మంచితనం కనబడలే, పొగరు కనబడ్డది.

మూడో నెల ఆఖరు నాలుగు దినాలు వచ్చినయి. మొదటి దినం పనిదిగే యాళ్లకు కిటికీ కాడ నల్లటి ముఖం. "సార్, ఇయ్యాల వచ్చిన. చూసుకోండ్రి." పోయిండు. మరునాడు సుత అదే యాళ్లకు, "సార్, వచ్చిన." మూడోనాడు, నాలుగోనాడు. నాలుగోనాడు పెండ్లాన్ని సుత తీసుకొచ్చిండు. ఆమె ఆయన పక్కన నిలబడ్డది, సాక్ష్యం లెక్క. నాలుగు దినాలూ ఆ మనిషిని నేను నా రెండు కండ్లతో చూసిన. ఒంటి మీద బొగ్గు చూసిన, నడుముకు బిళ్ళ చూసిన.

నెల గడిచింది. కార్డులు మెషిన్‌ల వేసిన. అవే నాలుగు నాగాలు.

నేను మెషిన్‌ను నమ్మిన. ఇది ఇంకోసారి చదువుండ్రి, రాస్తున్న నాకే సిగ్గైతున్నది. మనిషి నా ముందట నిలబడి వచ్చిన అన్నడు, నేను చూసిన, అయినా మెషిన్ రాలేదన్నది కాబట్టి రాలేదన్న. దానికి ఒక వివరం సుత తయారు చేసిన. బాయిల దిగకుండ, ఎక్కడనో బొగ్గు పూసుకొని, తిన్నగ నా కిటికీ కాడికి వచ్చిండని పెద్దసారుకు చెప్పిన. వాచీ చెప్తే గాలి పీల్చేటోడు నా కన్న లక్ష రెట్లు నయం. వాడు కనీసం పీల్చిందన్న నిజమైన గాలి.

పేరు కొట్టేసే కాగితం తయారైంది. శనివారం సంతకం.

గురువారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చిన. అయిపోయిన నెలల కార్డులు పారేస్తుంటిమి. నేను కట్టలు కట్టలు ఇంటికి తెచ్చుకుంటుంటి, గట్టి అట్ట కాబట్టి ఇంట్లె అన్నిటికీ పనికొచ్చేది. మా ఇంటామె వాటితో పిండి గీకేది, పాల గిన్నె మీద మూత పెట్టేది. ఆనాడు పాత కట్ట ఒకటి విప్పి, మీదున్న కార్డు చేతిలోకి తీసుకొని, అన్నం వడ్డించుడు ఆపింది.

"తంబాకు బందు పెట్టిన అంటివి?"

"పెట్టిన. మెషిన్ మీద..."

"మెషిన్ సంగతి నాకెందుకు. గిదేంది?"

కార్డు కుడి అంచుకు తెల్లగ ఎండిన మరక, బొటనవేలంత ఉన్నది. ఆమె గోరు పెట్టి గీకింది. సున్నం పెళ్ళ రాలింది, దాని కింద తూటు బయటపడ్డది. ఇంకోటి గీకింది, ఇంకో తూటు. మూడు. నాలుగు.

"నువ్వు తిట్టుకుంట తిరుగుతున్న మనిషికి నాలుగు నాగాలన్నవు. గివేనా?"

నేను కార్డు మీద నంబరు చూసిన. బిళ్ళల్లో అన్నిటికన్న ముందున్న నంబరు.

అప్పుడు నా చేతులకు గుర్తుకొచ్చింది, తలకు కాదు. నెలాఖరున కార్డులు మెషిన్‌ల పెట్టేటప్పుడు, తంబాకు నలిచి వచ్చి, మొదటి పిడికెడు కార్డులు తీసుకొని, అంచులు సమంగ ఉండుటానికి బల్ల మీద తడతరు. తట్టేటప్పుడు కుడి బొటనవేలు, మీదున్న కార్డు కుడి చివర మీద ఉంటది. ఆ చివర నెలాఖరు గళ్లు. గోడకు రాయనియ్యలే, పంట్లాముకు రాయనియ్యలే, చెయ్యి ఊకుంటదా? దొరికిన దానికి రాసుకున్నది. సున్నం తూట్లల్ల నిండింది, ఎండింది. తీగె కిందికి దిగలే, తగల్లే. రెండో పిడికెడు తీసుకునే యాళ్లకు వేలు ఆరిపోయేది. అందుకని నెలనెలా ఒక్క కార్డే, ఆయనదే. బాయిలో అందరికన్న ముందు దిగిన మనిషి కాబట్టే ఆయన కార్డు అన్నిటి మీద ఉన్నది, మీద ఉన్నది కాబట్టే ఆయనకు నాగా పడ్డది.

మెషిన్ మనిషి అలవాటును పట్టిస్తదని పెద్దసారుకు రాసిచ్చిన కద. పట్టిచ్చింది. నెల తప్పకుండ, గడి తప్పకుండ, మూడు నెలలు పట్టిచ్చింది. అది కల్లు అలవాటు కాదు. చీర మీద గీత పడ్డది, అతికినోడు నేను.

అన్నం ముందటి నుంచి లేచిన. చెప్పులు సుత వేసుకోలే. ఆ ఎండలో పెద్దసారు అర్రలోకి పోయి, కార్డు బల్ల మీద పెట్టి, "సార్, తప్పు మెషిన్‌ది కాదు, ఆ మనిషిది అసలే కాదు. నాది" అన్న. పెద్దసారు కుర్చీలోంచి లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, "ఇలా ఒప్పుకునే గుండె ఎందరికుంటుందోయ్" అన్నడు. పేరు కొట్టేసే కాగితం చించి నాలుగు ముక్కలు చేసిండు.

సరే, అంత గంభీరంగ కాలే. పెద్దసారు లేవలే, చాయ్ తాగుకుంట విన్నడు. భుజం మీద చెయ్యి వెయ్యలే. నేను నాది అనలే. దఫ్తర్ గోడల సున్నం రాలి కార్డుల మీద పడుతున్నట్టున్నది సార్ అన్న. హాజరు బాబును పిలిచిండ్రు. ఆయన వేలు నాలుక మీద పెట్టుకొని, ఒక్కో కాగితం తిప్పి, మూడు నెలలవీ ఆ నాలుగు దినాలు చూపిచ్చిండు. అన్ని దినాలూ హాజరు. ఉమ్మి అంటిన ఆ పుస్తకంల ఒక్క తప్పు లేదు. నేను అంత అసహ్యించుకున్న వేలు అది, మనిషి వచ్చిండని రాసిన వేలు సుత అదే. ఆ మనిషి పేరు ఉండిపోయింది, అర్ర ఉండిపోయింది. తర్వాత ఒకనాడు పనిదిగి కిటికీ కాడికి వచ్చిండు. "సార్, వచ్చిన" అన్నడు, అలవాటైపోయినట్టున్నది. అని, నడుములోంచి తన సున్నపు డబ్బి తీసి కిటికీలోంచి నా ముందట పెట్టిండు. వేళాకోళానికో, సోపతి కలుపుకుంటానికో నాకు ఇప్పటికీ తెల్వదు. నేను ముట్టలే. తంబాకు ఆ గురువారంతోనే బందు.

మొన్న ఇంత వరకు రాసి మా ముసల్దానికి చదివి వినిపిచ్చిన. ఆమెకు కండ్లు ఆనుతలేవు, చెవులు మాత్రం మునుపటికన్న పదునెక్కినయి. ముందట చాట పెట్టుకొని చింతపండుల గింజలు తీస్తున్నది. పెద్దసారు లేచిన కాడ నవ్వలే, చాయ్ తాగిన కాడ నవ్వలే. అంతా విని, గింజ ఒకటి పక్కకు వేసి, నా దిక్కు తిరిగింది.

"నువ్వెక్కడ పోయినవయ్యా? గురువారం ముసుగుతన్ని పండుకున్నవు, జరమన్నవు. శుక్రారం సుత పండుకున్నవు. గా మనిషి పెండ్లాము మన వాకిట్లకొచ్చి నిలవడ్డా లేవలే. శనారం పొద్దుగాల గా కార్డు కొంగుకు ముడేసుకోని నేను పోయిన. హాజరు బాబుతోని పుస్తకం తెరిపిచ్చింది నేను. ఇది మా ఇంటాయన తంబాకు సున్నమని పెద్దసారు మొకం మీద చెప్పింది నేను. గోడ సున్నమని నువ్వు కూసింది సోమారం, గది సుత సారు పిలిచి అడిగితె. అప్పటికే సారుకు అంత తెలుసు, ఊకె విన్నడు. గాయన పేరు ఉన్నదంటే నీ మెషిన్‌తోని కాదు, నీ నిగ్రహంతోని అసలే కాదు. రాస్తే రాసుకో, నిన్నెవలు వద్దన్నరు. గని ముందుగాల గా దవడల ఉన్నది ఊసి రాపో."